ఛాడఖాయి ముందు రోజు కొట్టిన లగ్గు

తీగ కొసన లగ్గు, అంటే చిన్న లోహపు తొడుగు, నొక్కి కొట్టి, దాని మీద తొడిగిన నల్ల స్లీవుకి లైటరు సెగ చూపిస్తే, అది ముడుచుకుంటూ కాలీ కాలని ప్లాస్టిక్కు వాసన ఒకటి వదులుతుంది. బరంపురం అంకులిలో నా దుకాణం ముందు ఈ-రిక్షాలు బారులు తీరే పొద్దుటి పూట ఆ వాసన రోజుకి పదిసార్లైనా ముక్కుకి తగులుతుంది. తగిలినప్పుడల్లా కాకపోయినా చాలాసార్లు నన్ను మా ఊరు చమఖండి సముద్రపు ఒడ్డుకి తీసుకుపోయి, మా నాయనమ్మ ఇంటి చూరు కింద, ఎండు చేపల తట్టలకీ కొత్త రాగి తీగల చుట్టలకీ మధ్య కూర్చోబెడుతుంది. బరంపురంలో ఆడమనిషి వైరింగు దుకాణం పెట్టిందని వింతగా చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చూడనీ, నాకేం, వాళ్ల బండ్లు నడుస్తున్నాయి కదా. పని ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే "మా నాన్న నేర్పాడు" అని ఊరుకుంటాను. అది నిజమే గానీ, సగం నిజం.

మా నాన్న ఎర్రయ్య చేపల వేటకుటుంబంలో పుట్టి కూడా బోటెక్కితే కడుపులో తిప్పి వాంతి చేసుకునే మనిషి. ఊరంతా నవ్వేది. ఆ నవ్వు భరించలేక పారాదీప్ వెళ్లి, బోట్లు కట్టే షెడ్డులో నాలుగేళ్లు పనిచేసి వైరింగు నేర్చుకుని తిరిగొచ్చాడు. సరిగ్గా అప్పుడే మా ఒడ్డుకి ఫైబరు బోట్లు, వాటితోపాటు బ్యాటరీలు, లైట్లు, సముద్రంలో దారి చూపించే జీపీఎస్ పెట్టెలు వచ్చాయి. అంతే, నవ్విన నోళ్లే "ఎర్రయ్య కొట్టిన కొస ఊడదు" అనడం మొదలుపెట్టాయి. ఆ మాటే మా ఇంటి ఆస్తి. మాకు బోటు లేదు, వల లేదు, ఆ ఒక్క మాట మీదే మా పొయ్యి వెలిగేది.

నాన్న దగ్గర మూడు పనిముట్లు ఉండేవి. రేకు ముక్కలా పలచగా ఉండేది ఒకటి. అది సంతలో దొరికే రకం, ఎక్కడ బలం చాలక ఆపేస్తే అక్కడే ఆగిపోతుంది, నొక్కు పడిందో లేదో దానికీ తెలియదు, మనకీ తెలియదు. రెండోది రెక్కలున్న చిన్న లగ్గులకి, ఆ రెక్కల్ని లోపలికి మడిచి తీగలో దిగేలా చేసేది. మూడోది నాన్న ప్రాణం. పారాదీప్ నుంచి తెచ్చుకున్న టిక్కుటిక్కుల క్రింపింగ్ టూలు, పూర్తిగా నొక్కేదాకా పట్టు వదలదు. దాని దవడలో మూడు గుంటలు, పక్కన ఎరుపు, నీలం, పసుపు చుక్కలు. సన్న తీగకి ఎర్ర లగ్గు, మధ్యరకానికి నీలం, లావుదానికి పసుపు. ఏ రంగు లగ్గయితే ఆ చుక్క గుంటలోనే పెట్టాలి. కొత్త టూలు కొనేటప్పుడు నాన్న దాన్ని మూసి ఎండకి ఎత్తిపట్టి, దవడల సందులోంచి రెండు పక్కలా వెలుతురు సమానంగా వస్తోందా అని ఒంటికన్నుతో చూసేవాడు. చూసి, నా చేతికిచ్చేవాడు.

"సెయ్యి సాలకపోతే మంచి టూలైనా దండగే గుంటా," అనేవాడు.

నా చెయ్యి చాలేది కాదు. ఒక పిడిని తొడ మీద ఆనించి, రెండోదాన్ని రెండు చేతులతో నొక్కేదాన్ని. చివరి టిక్కు దగ్గర నా మొహం ఎర్రబడిపోయేది, నాయనమ్మ వల అల్లుతూ "ఓలమ్మ, కాన్పు అవతన్నాదేటే నీకు!" అని ఎగతాళి చేసేది.

లగ్గు కొట్టాక నాన్న మూడు లాగులు లాగేవాడు. అది వైరింగు షెడ్డులో నేర్చుకున్నది కాదు, మా వాళ్లు వల ముడిని లాగి చూసే పద్ధతి. మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి, విదిలించి ఒకటి. "మూడు లాగులకీ ఊడనేదంటే సముద్రానికి ఒగ్గీవొచ్చు," అనేవాడు. నాకదే వేదం.

కార్తీకమొస్తే మా ఒడ్డు చప్పబడిపోయేది. ఒడియావాళ్లు నెలంతా చేప ముట్టరు. బరంపురం బజారులో మా ఆడవాళ్ల తట్టలు నిండుగా వెళ్లి నిండుగా తిరిగొచ్చేవి, మేమేమో రోజూ చేపల పులుసూ, మిగిలిన గంజన్నంలో ఉప్పుచేపా తిని తిని విసిగిపోయి, పక్కింటి ఒడియా పిల్లల ఇంట్లో కొబ్బరి వేసి వండే పప్పు కోసం గుమ్మం దగ్గర తచ్చాడేవాళ్లం. మగవాళ్లు బోట్లు బోర్లించి అతుకులు వేసుకుంటుంటే వాటి కింద దూరి దాగుడుమూతలు ఆడేవాళ్లం. వాళ్ల లెక్కలో కార్తీకం పున్నమితోనే అయిపోతుంది, ఆ మర్నాడు ఛాడఖాయి. నెల రోజులు నోరు కట్టుకున్న జనం ఒక్క రోజున చేప మీద పడతారు. ఆ ఒక్క రోజు వేట కోసం మా ఒడ్డంతా ఒంటికాలి మీద నిలబడేది.

నాకు పదకొండేళ్లప్పుడు, ఛాడఖాయికి ముందు రోజు, మా చిన్నాన్న బోటులోని జీపీఎస్ పెట్టె మా ఇంట్లో ఉంది. దాని తీగ కొస తుప్పుపట్టి తెగిపోయింది. ఎర్ర లగ్గులు అయిపోయాయని నాన్న పొద్దున్నే బరంపురం వెళ్లాడు. వెళుతూ, తానొచ్చేదాకా పెట్టె ఎవరికీ ఇవ్వొద్దని నాకు చెప్పాడు. మధ్యాహ్నం దాటింది, వచ్చిన బస్సుల్లో నాన్న లేడు, బోటేమో ఆ రాత్రికే వేటకి దిగాలి. ఆత్రగాడికి బుద్ధి మట్టం అంటారు. డబ్బాలో నీలం లగ్గులు కనిపించాయి. తీగ ఒలిచి పెట్టి చూస్తే అందులో వదులుగా ఆడుతోంది. వదులైతే ఏం చేస్తాం? మా ఇంట్లో ఏది వదులైనా చేసేదే చేశాను. నాయనమ్మ వల దారం, ఆకుపచ్చ నైలాను పోగులు నాలుగు, రాగి పోగులతో కలిపి గట్టిగా మెలేసి లగ్గులో కూరాను. టూలు తొడ మీద ఆనించి చివరి టిక్కుదాకా నొక్కాను. మూడు లాగులూ లాగాను. ఊడలేదు. బ్యాటరీకి ఆనిస్తే పెట్టె వెలిగింది కూడా. దారం బయటికి కనపడకుండా బ్లేడుతో కోసి, పైన స్లీవు తొడిగి కాల్చేశాను.

సాయంత్రం చిన్నాన్న వచ్చాడు.

"నీ నాన సేసీసినాడేటే?"

"ఊఁ," అన్నాను.

నాన్న ఆఖరి బస్సు తప్పిపోయి, బరంపురంలోనే మేనత్త ఇంట్లో ఉండిపోయి మర్నాడు పొద్దున వచ్చాడు. అప్పటికి మిగతా బోట్లన్నీ వచ్చేశాయి, ఒడ్డున కేకలు, మంచుగడ్డలు, వ్యాన్లు. చిన్నాన్న బోటు ఒక్కటే రాలేదు. పిన్ని అలల దగ్గర నిలబడి కదలడం లేదు. నేను తేలు కుట్టిన దొంగలా నాయనమ్మ వెనకాల నిలబడ్డాను. మధ్యాహ్నం రెండింటికి బోటు గోపాల్‌పూర్ వైపు నుంచి ఒడ్డు పట్టుకుని వచ్చింది. మనుషులందరూ ఉన్నారు. చేప లేదు. లోతులో వేసిన వలలూ లేవు. ఆరిళ్లవాళ్ల వలలు అవి. అల కుదుపుకి పెట్టె ఆరిపోయింది, పొగమంచులో వలలు వేసిన చోటు దొరకలేదు, వెతికి వెతికి వదిలేసి వచ్చారు.

చిన్నాన్న పెట్టె తెచ్చి నాన్న ముందు పడేశాడు. "నీ కొసే అన్నియ్యా," అన్నాడు.

నాన్న లగ్గుని లాగాడు. ఊడలేదు. మళ్లీ లాగాడు. అప్పుడు రంపపు బ్లేడు తీసి, లగ్గుని నిలువుగా చీల్చాడు. లోపల దారం నిండుగా కూర్చుని ఉంది, రాగి పోగులు ఒక మూలకి నలిగిపోయి నల్లబడ్డాయి. నాన్న తలెత్తి నాకేసి చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత గుప్పిట మూసేశాడు.

"బరంపురం ఎల్లకముందు నానే కొట్టినాను. ఎర్ర లగ్గు నేక నీలిది ఏసీసినాను. తప్పు నాదే," అన్నాడు.

మర్నాడు నన్ను కూర్చోబెట్టి ముప్పై లగ్గులు కొట్టించి, ఒక్కొక్కటీ చీల్పించి లోపల చూపించాడు. "లాగితే సాలదే. కోసి సూడాల. నాను నీకు సగమే నేర్పినాను." ఊళ్లో చెప్పేస్తానని ఏడిస్తే, "పసిగుంట సేతికి మన పేణాలు ఒగ్గీసినాడంటారు. ఎలగైనా తప్పు నాదే. నోరు మూసుకో," అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత బోట్లు ఒక్కొక్కటే వేరే వైరింగువాడి దగ్గరికి వెళ్లాయి. మాఘమాసానికల్లా నాన్న చెన్నై వెళ్లిపోయాడు. ఏడేళ్లు అక్కడే. ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్లేవాడు, వచ్చినప్పుడల్లా నేను కొట్టిన లగ్గుల్లో ఒకటి తీసి కోసి చూసేవాడు.

ఇప్పుడు చమఖండిలో మేం ఆడుకున్న ఇసుకలో సగం సముద్రం తినేసింది. నాయనమ్మ ఇల్లున్న చోట నీళ్లే. జీపీఎస్ పెట్టెలు అచ్చుపోసిన కొసలతో వస్తున్నాయి, వాటికి లగ్గు కొట్టే మనిషి అక్కర్లేదు. ఆ బోటులో వెళ్లిన ఆరుగురిలో చిన్నాన్నతో కలిపి నలుగురు లేరు, ఒకాయన కేరళలో కొడుకు దగ్గర ఉన్నాడు. మిగిలిన ఒక్కాయన మూడేళ్ల కిందట నాన్న పదో రోజు భోజనాలకి వచ్చాడు. విస్తరి ముందు కూర్చుని, పక్కవాడితో నిజమైన బాధతోనే అన్నాడు:

"మా మంచి పనోడు ఎర్రయ్య. ఆ ఒక్క కొసే తప్పినాడు గానీ."

నేను ఆయన విస్తట్లోనే అన్నం వడ్డిస్తున్నాను. ముప్పై దాటిన మనిషిని, సొంత దుకాణం ఉన్నదాన్ని. అయినా ఇంకో గరిటె వడ్డించి పక్క విస్తరికి జరిగిపోయాను.

మా నాన్న ఆ ఒక్కటీ తప్పలేదు. ఆ కొస కొట్టింది నేను.