హోప్ స్ట్రీట్‌లో ఇద్దరు వియ్యపురాళ్ళు

మొన్న శనివారం నేపర్‌విల్ స్టేషన్లో షికాగో రైలు కోసం నిలబడి ఉంటే, పక్కన బెంచీ మీద కూర్చున్న పిల్లాడెవడో చిప్స్ పొట్లం చింపాడు. ఉప్పూ వెనిగరూ కలిసిన ఆ పుల్లటి ఘాటు ముక్కుకి తగలగానే నోట్లో నీళ్ళూరాయి, వెంటనే ఫక్కున నవ్వొచ్చింది. "ఎందుకు నవ్వుతున్నావ్ అమ్మా?" అని నా కూతురు నా మొహంలోకి వింతగా చూసింది. రైలు వచ్చేసింది కాబట్టి సరిపోయింది గానీ, చెప్పాలంటే చాలా కథ ఉంది. ఆ వాసన నాకు ఒక ఊరి వాసన. అందులో వానకి తడిసిన ఎర్రరాయి ఉంది, నది మీంచి వీచే ఉప్పుగాలి ఉంది, రాత్రి తొమ్మిదింటికి కూడా చీకటిపడని జూలై ఉంది, చీరల మీద స్వెట్టర్లు వేసుకుని కాళ్ళకి తెల్ల బూట్లు తొడుక్కున్న ఇద్దరు ముసలమ్మలు ఉన్నారు.

ఆ ఊరు లివర్‌పూల్. మా అమ్మ నర్సు. నాకు నాలుగేళ్ళప్పుడు అక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం వస్తే, నన్ను చంకనేసుకుని, నాన్నని వెంటపెట్టుకుని వెళ్ళింది. ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు వరసగా అతుక్కుని ఉండే ఇటుక ఇళ్ళలో ఒకటి అద్దెకి తీసుకున్నాం. నాన్న సివిల్ ఇంజనీరు, ఆయనకి కట్టడాల పిచ్చి. శనివారం వచ్చిందంటే అమ్మని నిద్రపోనిచ్చి, నా తలకి ఉన్ని టోపీ తొడిగి, ఊరి మీదికి బయల్దేరదీసేవాడు. "కిందికి చూస్తే అన్ని ఊళ్ళూ ఒకటే తల్లీ, షాపులే కనిపిస్తాయి. తలెత్తి చూడు" అనేవాడు. నేను తలెత్తి నడిచి స్తంభాలకి గుద్దుకునేదాన్ని. కిటికీల పైన రాతిలో చెక్కిన ద్రాక్షగుత్తులూ, గడ్డాల సముద్రదేవుళ్ళూ, ఓడలూ, ఎవరూ పట్టించుకోని సింహాలూ అన్నీ నాకు చుట్టాలైపోయాయి. రేవు పక్కన నీళ్ళలోంచి లేచినట్టుండే ఇటుక గిడ్డంగులు చూసేవాళ్ళం, ఏనుగు కాళ్ళంత లావు ఇనప స్తంభాలని చేతులు చాచి కౌగిలించుకునేవాళ్ళం. నది ఒడ్డున పెద్ద గడియారపు భవనం మీద రెండు రెక్కల పిట్టలుండేవి. ఒకటి సముద్రం వైపు, ఒకటి ఊరి వైపు చూస్తుంటాయి. అవి ఎగిరిపోతే ఊరు మునిగిపోతుందని మా బళ్ళో పిల్లలు చెప్పుకునేవాళ్ళు. గాలి గట్టిగా వీచిన రాత్రుళ్ళు నేను మంచంలో పడుకుని ఆ పిట్టల కాళ్ళకి గొలుసులుంటే బాగుండునని ప్రార్థన చేసేదాన్ని.

వీటన్నిటికంటే నాకిష్టమైనది హోప్ స్ట్రీట్, అంటే ఆశ వీధి. ఆ వీధి ఒక కొసన కొండంత ఎర్రరాతి గుడి. ప్రొటెస్టెంట్లది. లోపల నిలబడి పైకి చూస్తే మెడ పడిపోయేది, పైకప్పు కింద పొగమంచు పట్టినట్టు మసకగా ఉండేది. రెండో కొసన గుండ్రటి కాంక్రీటు గుడి, నెత్తిన గాజు కిరీటం. కేథలిక్కులది. మా ఇంటికి ఈ రెండూ కావలసివచ్చాయి. ఎందుకంటే నాన్నవాళ్ళది ఫిరంగిపురం, తరతరాలుగా ఆర్‌సీఎం, అంటే కేథలిక్కులు. అమ్మవాళ్ళది బందరు, మిషన్ బడి పంతుళ్ళ కుటుంబం, గట్టి ప్రొటెస్టెంట్లు. ఇద్దరూ గుంటూరు ఆస్పత్రిలో, ఒకరు రోగిగా, ఒకరు నర్సుగా పరిచయమై పెళ్ళి చేసుకున్నారు. ఆదివారం పూట ముగ్గురం కలిసి బయల్దేరి, వీధి మధ్యలో విడిపోయేవాళ్ళం. ఒక వారం నేను అమ్మతో ఆరాధనకి, ఇంకో వారం నాన్నతో పూజకి. ఎవరిది ముందు ముగిస్తే వాళ్ళు మధ్యలో నిలబడి రెండోవాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు. దేవుడికి రెండిళ్ళు ఉన్నాయని, మధ్యలో నడవడానికే మనుషులకి వీధి వేశారని నేను నమ్మేదాన్ని.

పెద్దవాళ్ళకి అది అంత తేలిక కాదని నా తమ్ముడు పుట్టినప్పుడు తెలిసింది.

వాణ్ణి చూసుకోవడానికి ఆ వేసవిలో నాయనమ్మా అమ్మమ్మా ఇద్దరూ వచ్చారు, వారం తేడాలో. నాయనమ్మ శౌరమ్మ, మిరప చేలల్లో ఎండకి కాగిన మనిషి. మెళ్ళో జపమాల, పెట్టె నిండా గోంగూర పచ్చడీ, కారప్పొడీ. అమ్మమ్మ గ్రేసమ్మ, రిటైరైన టీచరు. ఇస్త్రీ చీర, చంకలో బైబిలు, డబ్బాలనిండా బందరు లడ్లు, హల్వా. ఇల్లంతా వెల్లుల్లి వాసనా, నెయ్యి వాసనా కలిసి పండగలా ఉండేది. కానీ వాళ్ళిద్దరికీ పెళ్ళినాటి నుంచి మాటల్లేవు. పెళ్ళి ఫిరంగిపురం గుడిలో చేశారని అమ్మమ్మకి కోపం. నాకు బందరులో, తనకి మాటైనా చెప్పకుండా, బాప్తిస్మం ఇప్పించారని నాయనమ్మకి అంతకన్నా పెద్ద కోపం. ఒకే సోఫాలో చెరో కొసన కూర్చుని నా ద్వారా మాట్లాడుకునేవాళ్ళు. "ఉప్పు ఇటు జరపమను ఆమెని" అని ఒకరు. "అక్కడే ఉంది, కళ్ళు పెట్టి చూసుకోమను" అని ఇంకొకరు. నాకది మంచి ఆటగా ఉండేది.

ఇప్పుడు తమ్ముడి సంగతి. వాడికి జ్ఞానస్నానం గుండ్రటి గుడిలోనే అని నాయనమ్మ. బాప్తిస్మం ఎర్ర గుడిలోనే అని అమ్మమ్మ. ఒకే నీళ్ళకి రెండు పేర్లు పెట్టుకుని, తన మాట కాదంటే వెంటనే విమానం టిక్కెట్టు మార్పించమని ఇద్దరూ పట్టుబట్టారు. నాన్న గోడలకేసి చూస్తూ తిరిగేవాడు. అమ్మ ఒకరోజు వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడవడం చూశాను. రెండు గుళ్ళవాళ్ళ పెళ్ళి నిలవదని కొత్తలో అందరూ అన్నమాటే నిజమవుతుందేమోనని ఆమె భయం. అప్పటిదాకా నాకు ఆటగా అనిపించినది ఆ రోజుతో ఆగిపోయింది.

ఆ శనివారం నాన్నకి డ్యూటీ ఉంది. తమ్ముడు రాత్రంతా ఏడ్చి పొద్దున్నే నిద్రపోయాడు. అమ్మ నా చేతిలో చిల్లర పెట్టి, "వీళ్ళిద్దర్నీ కాసేపు బయట తిప్పుకుని రా తల్లీ, నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి" అంది. తొమ్మిదేళ్ళ నేను ముందు, నా వెనక చెరో పక్క వాళ్ళు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం. నాకు తెలిసిన ఊరంటే నాన్న చూపించిన ఊరే కదా, హోప్ స్ట్రీట్ వైపే నడిపించాను.

ఎర్ర గుడిలో అడుగుపెట్టగానే అమ్మమ్మ తనే కట్టించినట్టు ఛాతీ విరుచుకుంది. నాయనమ్మ తల మీద కొంగు కప్పుకుని, ఏదీ మెచ్చుకోకూడదని మూతి బిగించుకుంది. అక్కడ వచ్చిపోయేవాళ్ళకి గుడి గురించి చెప్పే ఒక ముసలాయన మా దగ్గరకొచ్చాడు. వెండి జుట్టు, నీలం కోటు. అమ్మమ్మ ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పిన టీచరే అయినా, ఆ ఊరి యాసలో ఒక్క ముక్క అర్థంకాక నా భుజం పొడిచింది. పైగా ఆయన ఆ ఊరి అలవాటు ప్రకారం ఆవిణ్ణి "లవ్" అని పిలిచేసరికి కొంగు నిండుగా కప్పుకుని రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన మాటలన్నీ నేను తెలుగులో చెప్పసాగాను. ఈ గుడి ప్లాను గీసినవాడు అప్పటికి ఇరవై దాటిన కుర్రాడట. వీధుల్లో కనిపించే ఎర్ర టెలిఫోన్ డబ్బా గీసింది కూడా తర్వాత ఆయనేనట. "అన్నట్టు ఆయన కేథలిక్కు" అన్నాడు ముసలాయన.

నేను ఆ మాట తెలుగులో చెప్పగానే నాయనమ్మ కొంగు జారిపోయింది. "ఏందే? మళ్ళా చెప్పు!"

ముసలాయన నవ్వి, వీధి అవతలి కొస వైపు చెయ్యి చూపించి, ఆ గుండ్రటి గుడి గీసినాయన మాత్రం ప్రొటెస్టెంటు అన్నాడు. అదీ చెప్పాను.

ఎక్కడో పైన ఆర్గన్ వాయించేవాడు వేళ్ళు సవరించుకుంటున్నాడు. అప్పుడు నాయనమ్మ, నా వైపు కాకుండా, సూటిగా అమ్మమ్మ మొహంలోకి చూసి, "అయితే మీ గుడి కట్టింది మావోడేనన్నమాట" అంది.

"మీ గుడి కట్టింది మావాడేగా మరి!" అంది అమ్మమ్మ, అంతే సూటిగా.

పెళ్ళయ్యాక పదేళ్ళకి వాళ్ళు ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలు అవి. అన్నాక గానీ వాళ్ళకీ ఆ సంగతి తట్టలేదు. ముందు నాయనమ్మ పెదవి వణికింది, తర్వాత అమ్మమ్మ భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఇద్దరూ అంత పెద్ద గుడిలో పగలబడి నవ్వారు. ఆ నవ్వు పైకప్పు దాకా వెళ్ళి మళ్ళీ మా మీదే పడింది. ముసలాయన ఏమీ అర్థంకాకపోయినా తనూ నవ్వి, మమ్మల్ని లిఫ్టు దగ్గరికి తీసుకెళ్ళి గోపురం పైకి పంపించాడు.

పైన గాలి మామూలుగా లేదు. ఇద్దరి కొంగులూ జెండాల్లా ఎగిరాయి. ఎత్తంటే భయమున్న అమ్మమ్మ చేతికందిన చెయ్యి పట్టుకుంది. అది నాయనమ్మ చెయ్యి. కింద ఇటుక ఇళ్ళ వరసలు, గడియారపు భవనం మీద అగ్గిపుల్లంత పిట్టలు, వెండిరంగు నది, నదికి ఆవల నీలం కొండలు. ఆ నది పేరేమిటని అమ్మమ్మ అడిగింది. మెర్సీ అన్నాను. "దయ! నదికి దయ అని పేరు పెట్టుకున్నారే, ఎంత మంచివాళ్ళో" అంది. స్పెల్లింగు వేరని నాకు తెలుసు. టీచరుకి స్పెల్లింగు దిద్దడం బాగోదని ఊరుకున్నాను.

దిగొచ్చి, చిల్లరతో ఒక పెద్ద చిప్స్ పొట్లం కొని, వీధిలో నడిచాం. మధ్యలో ఒకచోట కాలిబాట మీద బోలెడు సూట్‌కేసులు పేర్చి ఉంటాయి, కాంక్రీటుతో చేసిన బొమ్మలు. "అయ్యో, ఎవురో పెట్టెలు మర్చిపోయార్రా!" అని నాయనమ్మ పరుగున వెళ్ళి ఒకదాని పిడి పట్టుకు లాగి, అది కదలకపోయేసరికి దాని మీదే కూలబడి నవ్వింది. అమ్మమ్మ పక్క పెట్టె మీద కూర్చుంది. నేను వాళ్ళ మధ్య. వేడి బంగాళాదుంప ముక్కల మీద వెనిగర్ ఘుమఘుమలాడుతుంటే, నాయనమ్మ సంచిలోంచి కారప్పొడి సీసా తీసి ధారాళంగా చల్లింది. ముగ్గురం ముక్కులు ఎగబీలుస్తూ, వేళ్ళు నాకుతూ తిన్నాం.

పొట్లం అడుగుకొచ్చాక అమ్మమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, "పెద్దదానికి మా గుళ్ళో అయింది. మీకు చెప్పకుండా చెయ్యడం మాదే తప్పు. చిన్నాడికి మీ గుళ్ళోనే కానివ్వండి, వదినగారూ" అంది. ఒక్క క్షణం ఆగి, "ఎలాగూ కట్టింది మావాడేగా" అని కలిపింది.

నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. కారం వల్లేనని నాతో చెప్పింది. "అయితే పేరు నువ్వు పెట్టు వదినా" అంది.

ఆ తర్వాత గుండ్రటి గుడికి వెళ్ళాం. గాజు కిరీటంలోంచి నీలం, ఎరుపు, పసుపు వెలుగులు నేల మీద పారుతున్నాయి. నడిమధ్యలో తెల్లటి బలిపీఠం, చుట్టూ బెంచీలు. అమ్మమ్మ ఒక బెంచీ మీద కూర్చుని నాలుగువైపులా చూసి, "ఇక్కడ వెనక బెంచీ అన్నదే లేదేమిటే!" అంది ఆశ్చర్యంగా. టీచరుగా అంతకంటే పెద్ద మెప్పు ఆవిడ దగ్గర లేదు.

ఇంటికి వెళ్ళేసరికి తలుపు తీసిన అమ్మ, చేతులు పట్టుకుని నిలబడ్డ ఇద్దర్నీ చూసి, ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని కంగారుపడింది. విషయం తెలిశాక గుమ్మంలోనే ఏడ్చింది, ఈసారి కుళాయి తిప్పకుండా. రెండువారాల తర్వాత ఆ రంగుల వెలుగులో తమ్ముడి నెత్తిన నీళ్ళు పోశారు. నది పేరు మీద వాడు దయానందమయ్యాడు. ఆ సాయంత్రం ఇరుగుపొరుగువాళ్ళు గోంగూర మాంసం తిని, కళ్ళనీళ్ళు కారుస్తూ, మళ్ళీ వడ్డించుకున్నారు. వాళ్ళందరికీ నాయనమ్మ జ్ఞానస్నానమనీ, అమ్మమ్మ బాప్తిస్మమనీ చివరిదాకా ఎవరి మాట వాళ్ళు చెబుతూనే ఉన్నారు.

నాకు పదమూడేళ్ళప్పుడు మేము అమెరికా వచ్చేశాం. నాయనమ్మ ఫిరంగిపురంలో, అమ్మమ్మ బందరులో కన్నుమూశారు. ఇద్దరూ బతికున్నన్నాళ్ళూ ఆదివారం మధ్యాహ్నం ఒకరికొకరు ఫోన్ చేసుకుని, ఎవరి ప్రసంగం ఎంతసేపు సాగిందో చెప్పుకునేవారట. ఇక్కడ మా తెలుగు ఆరాధన ఒక బడి జిమ్‌లో జరుగుతుంది, బాస్కెట్‌బాల్ బుట్ట కింద. లూథరన్లూ, బాప్టిస్టులూ, ఆర్‌సీఎం వాళ్ళూ అందరూ మడత కుర్చీల్లో కలిసే కూర్చుంటారు, ఎవరు ఏ గుడివాళ్ళో ఎవరూ అడగరు. అది మంచిదే. కానీ తలెత్తి చూద్దామంటే పైన ట్యూబులైట్లే. వియ్యపురాలిని వదినగారూ అని పిలిచే గొంతు విని ఎన్నేళ్ళయిందో.

దయానందం ఇప్పుడు బెంటన్‌విల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, అక్కడ అందరికీ వాడు డయా. పోయిన నెల వాడికి పాప పుట్టింది. మరి బాప్తిస్మం ఏ గుళ్ళోరా అని నిన్న ఫోన్లో అడిగాను.

"ఏ చర్చ్ అయితే ఏంటక్కా? పార్కింగ్ ఎక్కడ ఈజీగా ఉంటే అక్కడే బుక్ చేస్తా" అన్నాడు.

పెద్దగా నవ్వాను. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడి ఉండిపోయాను. ఆ ఇద్దరూ ఉండి ఉంటే ఈ మాటకి మళ్ళీ ఒక్క పక్షమైపోయి, వాడి చెవులు చెరొకటీ పట్టుకుని మెలేసేవాళ్ళు.