అప్ప మెచ్చిన పుస్తకాలు

తడిసిన కాగితం ఆరేటప్పుడు ఒక వాసన వస్తుంది. పులిసిన గంజికీ పాత గోనెసంచికీ మధ్య ఉండే వాసన. మొన్న వానకి మా లారీ బుకింగ్ ఆఫీసు కిటికీలోంచి జల్లు కొట్టి రెండు కట్టల బిల్లులు తడిశాయి. వాటిని విప్పి ఫ్యాను కింద పరిచాను. వాసన లేచింది. నా చేయి అక్కడే ఆగిపోయింది. మూడేళ్ళ క్రితం పోయినవన్నీ వరుసగా లెక్కకి వచ్చేశాయి. నవలలు పదకొండు వందల నలభై. బొమ్మల కథల పుస్తకాలు ఆరు వందల పన్నెండు. వారపత్రికల్లోంచి చింపి కుట్టిన సీరియళ్ళు ఎనభై మూడు. చెక్క అరలు నాలుగు, పొడుగు బల్ల ఒకటి. 'ఎదురెక్కే ఏరు' అనే నవల ప్రతులు నాలుగు. ఆ నవల చేతిరాత ప్రతి ఒకటి. ఆ తర్వాత ఎండాకాలంలో, వాటన్నిటి సొంతదారు సింహాచలమప్ప.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఈ అప్పను చూడనివాళ్ళకి ముందు ఆమె షాపు గురించి చెప్పాలి. సాలూరు లారీల ఊరు. లోడు దొరికేదాకా బండ్లు వంతులవారీగా రోడ్డు పక్కన ఆగి ఉంటాయి. వంతు రావడానికి ఒక పూట పట్టవచ్చు, మూడు రోజులూ పట్టవచ్చు. అంతసేపూ డ్రైవరు, క్లీనరు ఏం చేస్తారు? మా ఆఫీసు ఎదురుగా, తండ్రి ఇచ్చిన ఇంటి వీధిగదిలో, సింహాచలమప్ప అద్దె పుస్తకాల షాపు నడిపేది. విజయనగరం పాతకాగితాల కొట్లలో తూకానికి కొనుక్కొచ్చేది. జానపదం, దెయ్యం కథ, డిటెక్టివు, బొమ్మల పుస్తకం, ఏదైనా రోజుకి రెండు రూపాయలు. ఫోన్లొచ్చాక ఇలాంటి షాపులు అన్ని ఊళ్ళలోనూ మూతపడ్డాయి కదా అని మీరు అనుకోవచ్చు. మా ఘాట్ రోడ్డెక్కితే సిగ్నలు ఉండదు. కొండమీద బండి ఆగిపోతే తోడుండేది పుస్తకమే. అందుకే అది నడిచింది.

ఆమె పెళ్ళయి పొందూరు వెళ్ళి, రెండేళ్ళకే తిరిగి వచ్చేసిందట. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆ ఇంట్లో సదవడానికి గోడమీద కేలండరొక్కటే ఉన్నాదమ్మా. అది సదివీసినాను, వచ్చీసినాను" అనేది. అందులో నిజమెంతో ఎవరికీ తెలియదు. చదివింది అయిదో తరగతి. రాసింది మాయలు, మంత్రాల నవల ఒకటి. నేనూ పదో తరగతి తప్పినవాణ్ణే. టన్నులు, మైళ్ళు, డీజిలు లెక్కలు సొంతంగా నేర్చుకుని ఇరవై అయిదో ఏట ఈ ఆఫీసులో కూర్చున్నాను. కథలంటే అబద్ధాలని, అబద్ధాలకి లెక్కలతో పని ఉండదని నా అభిప్రాయం.

ఆ అభిప్రాయం మొదటి డిసెంబరు నెలాఖరునే దెబ్బతింది. ఏటా ఆ రోజు సాయంత్రం ఆమె తన షాపు అరుగుమీద నిలబడి, ఆ ఏడాది తనకి నచ్చిన పుస్తకాలు చెప్పేది. టీ కొట్టు దగ్గరున్న డ్రైవర్లంతా గ్లాసులు పట్టుకుని వచ్చేసేవారు. ఆసారి ఏడు నవలలు, రెండు బొమ్మల పుస్తకాలు చెప్పింది. 'ఇత్తడి చిలక'లో మాంత్రికుడు తన భయాన్ని చిలకలో దాచడం ఎందుకు బాగుందో, 'పాతాళంలో ప్యాసింజరు' బొమ్మల్లో రైలు కిటికీలన్నీ ఒక్కో రంగులో ఎందుకున్నాయో పూసగుచ్చినట్టు చెప్పింది. నాకు కూడా ఆసక్తి కలిగి, మర్నాడు 'ఇత్తడి చిలక' అడిగాను.

"లేదురా. పట్టుకెల్పోనారు."

"సరే అప్పా, పాతాళంలో ప్యాసింజరు ఇయ్యి."

"అదీ పట్టుకెల్పోనారు."

తొమ్మిదీ అడిగాను. తొమ్మిదీ లేవు. అద్దెకి తీసుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వలేదు. నేను నిర్ఘాంతపోయి నిలబడితే ఆమె పకపకా నవ్వింది.

"అదేటిరా లెక్కలోడా, అలా గుడ్లప్పగించినావు? ఏడాదంతా నాను సదువుతాను, ఆల్లూ సదువుతారు. నాకు నచ్చినాదని నానొక్కదాన్నీ అంటే సరిపోతాదేటి? నాకు నచ్చాల, ఇంకోడు దొంగతనం సెయ్యాల. రెండూ అయితేనే ఆ ఏటికి మంచి పుస్తకం."

నష్టాన్ని బహుమతిగా ప్రకటించే వ్యాపారి నాకు అంతవరకు తారసపడలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదంటే నమ్మండి.

తర్వాత కొన్నేళ్ళకి ఆమె 'ఎదురెక్కే ఏరు' రాయడం మొదలుపెట్టింది. కొండ దిగవలసిన ఏరు ఒకరోజు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. పడవ నడిపే ఒక పిల్ల దాని వెంట పైకి వెళుతుంది. ఒక్కో అధ్యాయం అవగానే నన్ను పిలిచి చదివించేది. అందులో ఒకచోట గండభేరుండ పక్షి ఒక రాజకుమారుడి కోటను గోళ్ళతో ఎత్తి అవతలి కొండమీద పెడుతుంది. నేను ఊరుకోలేకపోయాను.

"అప్పా, కోట ఎన్ని టన్నులుంటుందనుకుంటున్నావు? నువ్వు రాసిన గోడల కొలతల ప్రకారం మూడు వేలకి తగ్గదు. ఆ పక్షి మన లారీ అంత మోసినా పది టన్నులు. మూడు వందల ట్రిప్పులు వెయ్యాలి."

చుట్టూ ఉన్న డ్రైవర్లు గొల్లుమన్నారు. "పక్షికి ఓవర్‌లోడు కేసు రాసీయన్నా!" అన్నాడొకడు. ఆమె మాత్రం నవ్వలేదు. కాగితాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కోపం వచ్చిందనుకున్నాను. వారం తర్వాత పిలిచి మళ్ళీ చదవమంది. ఇప్పుడు ఆ పక్షి కోటను రాయి రాయిగా మూడు వందల సార్లు మోస్తుంది. ఏడాదికి పది సార్లే ఎగరగలదు. ఆఖరి రాయి దించేసరికి పక్షి ముసలిదైపోతుంది. కోటకోసం కొండమీద కాచుకున్న రాజకుమారుడి మీసాలు తెల్లబడిపోతాయి. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టలేక ఎవరు నువ్వని అడుగుతారు. నేనొక తప్పు పట్టుకున్నాననుకున్నాను. ఆమె దాంట్లోంచి ఇద్దరి ముసలితనాన్ని తీసింది.

"నీ లెక్క వల్లేరా ఆ పక్షి ముసిల్దైపోనాది," అంది. "నిజం సెప్పినోడికి సాక్షులుంటారు. అబద్ధం రాసినోడికి లెక్కొక్కటే సాక్షి. అది గట్టిగుండాల."

ఆ రోజునుంచి నేను కథల్ని వెటకారం చేయలేదు.

రెండు వందల పన్నెండు పేజీలు అలా చదివాను. చివరికి ఏరు కొండ కొసకి చేరి ఆగుతుంది. ఒక్కసారిగా దిగితే కింద ఊరు మునిగిపోతుంది. దిగకపోతే పొలాలు ఎండిపోతాయి. ఏరు ఆ పడవ పిల్లనే అడుగుతుంది, ఏం చెయ్యమంటావని. ఆఖరి అధ్యాయం మాత్రం నాకు ఇవ్వలేదు. "ఇందులో లెక్కల్లేవురా, నీకు పన్లేదు. కావాలంటే అందరిలాగే రెండు రూపాయలిచ్చి అద్దెకి తీసుకో" అంది. విజయనగరంలో జిరాక్సు తీయించి అయిదు ప్రతులు బైండు చేయించింది. బిల్లు సరిచూసింది నేనే కాబట్టి మొత్తం రెండు వందల ఇరవై ఆరు పేజీలని తెలుసు. ప్రతులన్నీ కళ్ళెదుటి అరలోనే ఉంటే తొందరేముంది అనుకున్నాను.

అక్కడినుంచి ఆమెకి ఒకటే ఆశ. ఆ పుస్తకం ఎవడో ఒకడు ఎత్తుకుపోవాలి. ప్రతి లారీవాడికీ అంటగట్టేది. వాళ్ళు తీసుకెళ్ళేవారు, చదివేవారు, చెప్పిన రోజుకి జాగ్రత్తగా తెచ్చి ఇచ్చేవారు. "సాలా బాగున్నాదప్పా" అనేవారు. వాళ్ళు వెళ్ళాక ఆమె ఆ ప్రతిని అరలో పెడుతూ నాకేసి చూసేది. "బాగుంటే తిరిగిస్తాడేటిరా?" అనేది. ఏటా అరుగుమీద నిలబడి పరాయివాళ్ళ పుస్తకాల పేర్లు చదివేది. తన పుస్తకం పేరు ఏ ఏడాదీ రాలేదు. ఎదుటివాళ్ళకోసం నవ్వేదిగానీ, చదివి దిగేటప్పుడు మెట్టుమీద కాసేపు ఆగేది. నేను చూసేవాణ్ణి.

మూడేళ్ళ క్రితం ఆశ్వయుజంలో రెండు రోజులు తెరిపివ్వకుండా వాన కురిసింది. రెండో రాత్రి ఊరి పక్క కొండవాగు, మా గెడ్డ, పొంగి మా వీధిలోకి వచ్చింది. తెల్లవారి నీళ్ళు తీశాక నేనూ అప్పా షట్టరు ఎత్తాం. పుస్తకాలు నీళ్ళు తాగి ఉబ్బి, ఒకదాన్నొకటి నెట్టుకుని, చెక్క అరల్ని బద్దలు చేసేశాయి. ఒక్క పుస్తకం లాగుదామంటే వేలు దూరలేదు. బొమ్మల పుస్తకాల రంగులు కారి గోడకి నడుమెత్తున ఎర్రగా, నీలంగా చారలు పడ్డాయి. మెరుపు కాగితాలన్నీ అతుక్కుని ఇటుకల్లా అయిపోయాయి. బల్ల కింది పెట్టెలో 'ఎదురెక్కే ఏరు' చేతిరాత ముద్దగా ఉంది. సిరా అంతా నీళ్ళలోకి దిగిపోయింది. అప్ప ఏడవలేదు. ఆ ముద్దని రెండు చేతుల్లోకి తీసుకుని, "ఏరు దిగిపోనాదిరా," అంది. అంతే అంది.

నేను ఊరుకునే మనిషిని కాను. నష్టం జరిగితే మిగిలిందెంతో చూడాలి. షాపులో ఉన్నవి పోతే, మిగిలినవి ఎక్కడున్నాయి? తిరిగి ఇవ్వనివాళ్ళ దగ్గర! ఇన్నేళ్ళుగా ఎగ్గొట్టిన పుస్తకాలే ఇప్పుడు బతికున్నాయి. వంతులో నిలబడ్డ ప్రతి లారీ దగ్గరికీ వెళ్ళాను. అప్ప షాపు మునిగిపోయింది, మీ దగ్గరున్నవి తెచ్చివ్వండని బతిమాలాను. పాపం, ఒక్కొక్కరే తెచ్చారు. సీటు కింద నుంచి, ఇంట్లో సందూకం నుంచి, ఒకడైతే అత్తారింటినుంచి తెచ్చాడు. నెలన్నరలో ముప్పై ఒకటి పోగయ్యాయి. 'ఇత్తడి చిలక' కూడా, అట్ట లేకపోయినా, వచ్చింది. వాటిని గుడ్డతో తుడిచి, ఆమె వాకిట్లో పేర్చి, సంతోషిస్తుందని ఎదురుచూశాను.

ఆమె ముఖం నల్లబడిపోయింది. "ఎవుడు తెమ్మన్నాడురా నిన్ను?"

"అప్పా, నీ పుస్తకాలే కదా..."

"నావేటి? ఆల్లకి నచ్చి పట్టుకెల్లినవిరా అవి! ఇన్నేల్లు ఏ ఇంట్లోనో ఉన్నాయనుకునేదాన్ని. అన్నీ లాక్కొచ్చి నా వాకిట్లో పడీసినావు. ఇప్పుడు నాకేటి మిగిలినాది?"

ఆమె కింద కూర్చుని ఆ ముప్పై ఒకటీ ఒక్కొక్కటే తీసి చూసింది. ఏదో వెతుకుతోందని అర్థమయ్యేసరికి నాకూ ఒక లెక్క గుర్తొచ్చింది. అయిదు ప్రతులు. మునిగినవి నాలుగు.

"నాదొకటి చిన్నారావు పట్టుకెల్లినాడు కాదేటి, వానకి ముందు?" అంది.

చిన్నారావు రాయపూరు లైను డ్రైవరు. నా అంత నియమం ఉన్న మనిషి ఆ లైనులో అతనొక్కడే. ఇరవై ఏళ్ళలో ఒక్క పుస్తకం ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదు. అందుకే అతన్ని ప్రత్యేకంగా అడగలేదు, తనే తెస్తాడని. ఆ సాయంత్రమే బండి దిగి, చేతులు ఊపుకుంటూ వాకిట్లోకి వచ్చాడు.

"అప్పా, కోప్పడకు. ఆ పుస్తకం నాను ఇవ్వను."

"అది ఒక్కటే మిగిలింది చిన్నారావ్!" అని నేను అరిచాను. "ఒక్క పూట ఇయ్యి. జిరాక్సు తీయించి నీది నీకిచ్చేస్తాను."

"ఇస్తే మల్లీ ఇత్తారని నమ్మకమేటన్నా? ఇవ్వనంటే ఇవ్వను. ఏటి సేసుకుంటావో సేసుకో."

అతని చొక్కా పట్టుకునేవాణ్ణే. వెనకనుంచి అప్ప గొంతు వినిపించింది.

"ఇవ్వకురా చిన్నారావా! ఈ లెక్కలోడు కాల్లట్టుకున్నా ఇవ్వకు!"

తిరిగి చూస్తే ఆమె నవ్వుతోంది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవడం లేదు. తన జీవితంలో రాసినదానికి మిగిలిన ఒకే ఒక్క ప్రతి చేజారిపోతుంటే ఒక మనిషి అంత ఆనందపడడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ డిసెంబరు ఆఖరి సాయంత్రం, రంగుచారలు ఆరని గోడ ముందు, ఆమె అరుగు ఎక్కింది. మిగతావన్నీ నేను తిరిగి తెచ్చేశాను కాబట్టి ఆ ఏటి మంచి పుస్తకం ఒక్కటే. పేరు చెప్పింది. రాసినవారు ఎవరో చెప్పలేదు. "ఇంతే" అని దిగింది. ఆ రోజు మెట్టుమీద ఆగలేదు.

ఆ వచ్చిన ఎండల్లో ఆమె పోయింది. కర్మలయ్యాక చిన్నారావుని పక్కకి తీసుకెళ్ళి, ఇప్పుడైనా చూపించమన్నాను. అతను తల వంచుకున్నాడు.

"లేదన్నా. ఒడిశాలో సుంకి దగ్గర బండి ఆపి టీకి దిగినాను. కేబిన్లోంచి ఎవుడో పట్టుకెల్పోనాడు. డబ్బులున్నాయి, ఫోనున్నాది, అవి ముట్టలేదు."

"అప్పకి చెప్పావా?" అన్నాను.

"సెప్పినాను. పోయే ముందు వారం. మంచమ్మీంచి లేచి కూకుని, నా బుగ్గ గిల్లినాది."

"పోనీ, చివర ఏమవుతుందో చెప్పు. ఆ పిల్ల ఏరుకి ఏం చెప్పింది?"

"రెండు తడవలు సదివినానన్నా. సెప్పలేను. నా నోట్లో పడితే అది చిన్నదైపోతాది."

ఆ ముప్పై ఒకటీ ఇప్పుడు మా ఆఫీసు కిటికీ పక్కన బల్లమీద ఉంటాయి. విజయనగరం వెళ్ళినప్పుడల్లా తూకానికి మరికొన్ని తెస్తాను. నేను చదివాకే డ్రైవర్లకి ఇస్తాను. అద్దె అడగను, పేరు రాసుకోను. డిసెంబరు ఆఖరున టీ కొట్టు దగ్గర నాకు నచ్చి తిరిగి రానివాటి పేర్లు చదువుతాను. పోయిన ఏడాది నాలుగు నవలలు, ఒక బొమ్మల పుస్తకం. ఒడిశా వైపునుంచి దిగే ప్రతి బండినీ ఆపి, బైండు చేసిన జిరాక్సు పుస్తకం ఎవరి చేతిలోనైనా చూశారా అని అడుగుతాను. అది తిరిగి రాకూడదన్నది ఆమె కోరిక. దాన్ని కాదనలేను. కానీ లెక్క లెక్కే. రెండు వందల ఇరవై ఆరులో రెండు వందల పన్నెండు ముట్టాయి. ఇంకా రావలసినవి పద్నాలుగు పేజీలు.