పెద్దాయనకు మంత్రి పదవి రాలేదని

మంత్రివర్గాన్ని మారుస్తున్నారన్న వార్త వచ్చిన వారంలో మా ఇంట్లో ఎవరూ కుదురుగా అన్నం తినలేదు. మా బావగారు, అంటే నా భర్త అన్న, చేతిలో కంచం పట్టుకుని టీవీ ముందే నిలబడేవారు. పాత మంత్రుల్లో చాలామందిని తీసేస్తారట, కొత్తవాళ్లకు చోటిస్తారట, జిల్లాకు ఇందరు, కులానికి ఇందరు అని పైన లెక్కలు వేస్తున్నారట. ఈసారి మా పడమటి వైపు నుంచి పెద్దాయనకు ఖాయమని బావగారి నమ్మకం. పెద్దాయన అంటే మా ఇంటి మగవాళ్లు రెండు తరాలుగా వెంట తిరుగుతున్న నాయకుడు, మా ఎమ్మెల్యే. మా ఇంట్లో ఆయనను ఎవరూ పేరు పెట్టి పిలవరు.

అప్పటికి నేను మా ఊరి సర్పంచిని. ఉదయగిరి నుంచి లోపలికి పోయే ఊరు మాది. అంతకుముందు ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వయినప్పుడు బావగారు నన్ను బడి మాన్పించి నామినేషన్ వేయించారు.

"చదువుకున్న మనిషి ఇంట్లోనే ఉండాది గదా, ఇంకెవుర్నో ఎందుకు వెతకాల? ఆమె సంతకాలు పెడతాది, పనులు మనం చూసుకుందాం" అని నా ముందే నలుగురితో అన్నారు. గెలిచిన రోజు మొదటి దండ కూడా ఆయన మెడలోనే పడింది. నేను పక్కన నిలబడి నవ్వాను. ఫొటోలో ఆ నవ్వు ఇప్పటికీ ఉంది, చూస్తే నాకే చిరాకు.

కానీ కుర్చీలో కూర్చున్నాక పని నాకు పట్టుకుంది. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు. పిల్లల పళ్లు గారపట్టి ఉంటాయి, నలభై దాటని మనుషులు మోకాళ్లు పట్టుకుని లేస్తారు. ఊళ్లోకి మంచినీళ్ల ట్యాంకు వచ్చి చాలా కాలమైనా, ఎస్సీ కాలనీకి పైపు పోలేదు. దాని కోసం ఉదయగిరి మండలాఫీసుకూ ఆత్మకూరు ఇంజనీరు దగ్గరికీ బస్సుల్లో తిరిగాను. చివరికి మంజూరైంది. మంత్రివర్గం మారే నాటికి కాలనీ దారిలో సగం దూరం గుంటలు తవ్వి పైపులు దించారు.

ఆ సాయంత్రం మా వరండా నిండా జనం. టపాకాయలు తెచ్చి మంచం కింద పెట్టారు. టీవీలో ఒక్కో పేరూ చదువుతుంటే లోపల వంటింట్లో నేనూ వింటున్నాను. జాబితా అయిపోయింది. వెంటనే సబ్బు ప్రకటన వచ్చింది.

"ఇంకా ఒకటో రెండో మిగిలుండాయేమో, చూడండ్రా" అన్నారు బావగారు.

ఒకరి వెనక ఒకరు చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. బావగారు తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆయన కోసం నాకు నిజంగానే బాధ వేసింది. తన ఇంట్లో పెళ్లి ఆగిపోయినట్టు కూర్చున్నారు మనిషి.

తెల్లవారేసరికి బాధ కోపమైంది. పెద్దాయన మనుషులందరూ, సర్పంచులూ ఎంపీటీసీలూ అంతా, ఆత్మకూరులో ఒక కళ్యాణమండపానికి రావాలనీ, అందరూ రాజీనామాలు చేసి పార్టీకి సెగ తగిలించాలనీ కబురొచ్చింది. బావగారు నా రాజీనామా కూడా కంప్యూటర్ సెంటరులో కొట్టించుకుని వచ్చారు. "మా నాయకునికి జరిగిన అవమానానికి నిరసనగా" అని అందులో ఉంది. కింద నా పేరు తప్పు పడింది.

"నేను రాజీనామా చేస్తే పైపులైను పని ఏమవుతుంది బావా?" అని అడిగాను.

"పైపులైనా? పెద్దాయన మానం పోతా ఉంటే పైపులంటావేంది?"

నేను వదిలేస్తే బాధ్యత ఉపసర్పంచి చేతికి పోతుంది. కాలనీకి పైపు పోవడమే ఆయనకు ఇష్టం లేదని ఊరంతటికీ తెలుసు. ఆ మాట చెప్పబోతే నా భర్త కళ్లతోనే వద్దన్నాడు. కారెక్కాను. దారి పొడుగునా ముందు సీట్లో బావగారు ఫోనులో అరుస్తూనే ఉన్నారు. వెనక నా పక్కన నా భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఏం చేయాలో నాకప్పటికి తేలలేదు. చేయకూడనిది మాత్రం తేలిపోయింది.

మండపంలో ఫ్యాన్లు తిరుగుతున్నా ఉక్కపోత. వేదిక మీద పెద్దాయన ఫొటో, దాని ముందు మైకు. ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. వాళ్లు సంతకం పెట్టి, కాగితం కెమెరాలకు చూపించి, జై కొట్టి దిగుతున్నారు. కలువాయి వైపు నుంచి వచ్చిన ఒకాయన కాగితం తలకిందులుగా పట్టుకున్నాడు, మళ్లీ తీయించారు. నా వంతు వచ్చింది. ఆడ సర్పంచి కదా, రెండు ముక్కలు మాట్లాడితే టీవీలో బాగుంటుందని మైకు నా చేతికిచ్చారు.

"పెద్దాయనకు పదవి రాలేదని నాకూ బాధగానే ఉండాది" అన్నాను. చప్పట్లు కొట్టారు. "అయితే నాకు ఓటేసినోళ్లు నన్ను నీళ్లడిగినారు, మంత్రిని అడగలా. మా కాలనీ పైపు సగం దారిలో ఉండాది. నేను రాజీనామా చెయ్యను."

చప్పట్లు ఆగిపోయాయి. తర్వాత వెనక వరసల నుంచి కేకలు లేచాయి.

"ఎవురి దయతో గెలిచినావమ్మా నువ్వు?"

"ఓటేసినోళ్ల దయతో."

"పెద్దాయన లేకపోతే నువ్వెవురు?"

అప్పుడు నాలో ఏదో తెగింది. "మా అందరి చేతా రాజీనామాలు చేయిస్తా ఉండారే, పెద్దాయన తన పదవికి చేసినాడా?" అని అడిగాను.

ఎవరో మైకు ఆపేశారు. బావగారు ముందు వరసలో తల దించుకుని కూర్చున్నారు. నేను మెట్లు దిగి, నడవలోంచి బయటికి వచ్చేశాను. ఒకతను దారికి అడ్డంగా కాలు చాపాడు. అతను కాలు తీసేదాకా అక్కడే నిలబడ్డాను.

బస్టాండు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి "అక్కా, అక్కా" అని పిలుపు. కొండాపురం వైపు ఎంపీటీసీ, నాకంటే చిన్నది. అంతకుముందు నాకు ముఖపరిచయం కూడా లేదు.

"నేను సంతకం పెట్టేసినా అక్కా. నువ్వు మాట్లాడతా ఉంటే అందరూ నిన్నే చూస్తా ఉన్నారు, ఆ సందులో బల్ల మీద నుంచి తీసుకోని వచ్చేసినా" అని పర్సులోంచి కాగితం తీసి చూపించింది. ఇద్దరం సోడా తాగాం. ఆమె కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చించి అంగడి ముందున్న చెత్తడబ్బాలో వేసింది. ఇంటికి పోతే ఏమవుతుందోనని ఇద్దరికీ భయమే. అయినా నవ్వుకున్నాం.

ఊరి మలుపు దగ్గర బస్సు దిగేసరికి నా భర్త మోటార్ సైకిలుతో నిలబడి ఉన్నాడు. కారులో ముందే వచ్చేశాడు.

"ఎక్కు" అన్నాడు.

సగం దారి పోయాక అడిగాడు, "నాతో ఒక మాట ముందే చెప్పకూడదా?"

"చెప్తే వద్దనేవాడివి."

"అనేవాణ్ణే" అని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు నాకు చాలింది.

బావగారు మాత్రం నాతో మాటలు మానేశారు. నేను వడ్డిస్తే తినేవారు కాదు. మా అత్త వడ్డించాలి. "ఇంటి పరువు మైకులో తీసింది" అని ఆమె నా వీపు వెనక కాదు, ముఖం మీదే అనేది. నేను వాదించలేదు, తగ్గనూ లేదు. పొద్దున్నే వంట ముగించి పంచాయతీ ఆఫీసుకు పోయేదాన్ని. ఊళ్లో కొందరు పలకరించడం మానేశారు. కాలనీ ఆడవాళ్లు మాత్రం తవ్విన గుంటల దగ్గర నన్ను ఆపి, చేయి పట్టుకుని, ఏమీ అనకుండా వదిలేసేవారు.

కొన్నాళ్లకే పార్టీవాళ్లు పెద్దాయనను రాజధానికి పిలిపించుకుని మాట్లాడారు. ఏదో సంస్థకు చైర్మన్ పదవి ఇచ్చారు. ఆయన టీవీలో కనబడి, తాను క్రమశిక్షణ గల కార్యకర్తననీ, ఆవేశంలో చేసిన రాజీనామాలను అందరూ మరిచిపోవాలనీ నవ్వుతూ చెప్పాడు. మరిచిపోవడానికి ఏముంది? ఆ కాగితాలు ఎవరి ఆఫీసుకూ పోనేలేదు, ఎవరి కారు డిక్కీలోనో ఉండిపోయాయట. బావగారు లేచి టీవీ కట్టేశారు. నేను అక్కడే ఉన్నాను. ఆయన ముఖం చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు.

పైపులైను ఎండాకాలం మధ్యలో పూర్తయింది. అప్పుడు బావగారు నా భర్త ద్వారా కబురు పంపారు. పెద్దాయన తేదీ ఇచ్చేదాకా నీళ్లు వదలకూడదట, ఆయన చేతుల మీదుగా ప్రారంభం జరగాలట. ఆయనకు తేదీ ఎప్పుడు కుదురుతుందో ఎవరికీ తెలియదు. బయట ఎండకు కాలనీ చేతిపంపు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. మరునాడు పొద్దున ట్యాంకు దగ్గరికి పోయి వాల్వు తిప్పించాను.

కాలనీలో మొదటి కొళాయి దగ్గర ఒక అవ్వ బిందె పట్టుకుని అనుమానంగా నిలబడింది.

"నాయకుడు రావాలంట గదమ్మా, పట్టుకోవచ్చా?"

"ఆయన వచ్చినప్పుడు వస్తాడులే అవ్వా. నువ్వు బిందె పెట్టు."

పెద్దాయన ఆ తర్వాతెప్పుడో వచ్చాడు. అప్పటికే రోజూ పారుతున్న కొళాయికి రిబ్బను కట్టారు. శిలాఫలకం మీద నా పేరు లేదు. వేదిక మీద నాకు కుర్చీ వేయలేదు. కాలనీలో ఒకామె తన ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చిచ్చింది. దాన్ని నేనే వేదిక మీదకు మోసుకెళ్లి, ఆయనకు రెండు కుర్చీల అవతల వేసుకుని కూర్చున్నాను. ఎవరూ దిగమనలేదు. పెద్దాయన వంగి నా వైపు చూశాడు.

"ఆరోజు మైకులో మాట్లాడింది నువ్వేగదమ్మా?"

"నేనేనండీ."

ఆయన కాసేపు చేతిలోని కత్తెర అటూ ఇటూ తిప్పాడు. "నీళ్లు బాగా వస్తా ఉండాయా?"

"వస్తా ఉండాయి. ఆఖరి వీధికి ఎక్కడంలా. పెద్ద మోటారు కావాల."

పక్కనున్న మనిషికి చూడమని చెప్పాడు. ఆ మోటారు ఇంతవరకూ రాలేదు. అడగడం నేనూ మానలేదు.

మొన్న బావగారు చాలాకాలం తర్వాత నాతో నేరుగా మాట్లాడారు. రాబోయే పంచాయతీ ఎన్నికల్లో నన్ను నిలబెట్టేది లేదని చెప్పడానికి.

"ఈసారి మన సీటు జనరల్ అవుద్దంట. పెద్దాయన వేరే మనిషిని చూసినాడు."

"జనరల్ సీటులో ఆడవాళ్లు నిలబడకూడదని ఎక్కడుండాది బావా? సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తు కూడా ఉండదు గదా."

"అయితే నిలబడతావా?"

"నిలబడతాను."

ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయారు. గెలుస్తానో లేదో నాకు తెలియదు. ఈలోగా ఆఖరి వీధి వాళ్లు నిన్న కూడా బిందెలు మోసుకుని పక్క వీధికి వచ్చారు. రేపు మళ్లీ ఆత్మకూరు బస్సెక్కాలి.