పదిహేడు ఓటుచీట్లు వాపసు

ఈ సంగతి రాయక తప్పదు. మా ఊళ్ళో సగంమంది నన్ను ఈనాటికీ పోలీసుల మనిషి అనుకుంటారు. మిగతా సగం అన్నల మనిషి, అంటే నక్సలైట్ల మనిషి అనుకుంటారు. రెండు వర్గాలూ ముసలివాళ్ళైపోతున్నారు. ఈ రెండు అబద్ధాల్లో ఏదో ఒకటి చరిత్రగా స్థిరపడకముందే అసలు సంగతి కాగితం మీద పెట్టాలి. నేను ఎవరి మనిషినీ కాదు, వట్టి మూర్ఖుణ్ణి. ఊరు మొత్తాన్ని ఒక ఆపద నుంచి కాపాడబోయి, ఉన్న ఆపదను మూడు చేసి పంచిపెట్టినవాణ్ణి. సాక్ష్యాలన్నీ చూపిస్తాను, వినండి.

మా ఊరు కోరుట్లకు సైకిల్ మీద ముప్పావుగంట. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఏడో తరగతి రెండుసార్లు ఫెయిలయ్యాను గాని, కోరుట్ల గ్రంథాలయానికి పోవడం మాత్రం ఒక్కరోజు మానలేదు. తేనెటీగల పెంపకం నుంచి రోమన్ చక్రవర్తుల దాకా అల్మారా వరుసన చదువుకుంటూ పోయాను. ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి బర్రె పాలివ్వకపోయినా, అడగకముందే సలహా చెప్పేవాణ్ణి. నా సలహా పాటించని బర్రెలు చాలామటుకు కోలుకునేవి. జనం నన్ను ‘లైబ్రరీ మల్లేశం’ అనేవాళ్ళు. అది బిరుదనుకుని చాలాకాలం మురిసిపోయాను.

ఇంట్లో మేమిద్దరమే. నేను, మా అక్క రాజవ్వ. బావ దుబాయి పోయాడు. అక్క బీడీలు చుట్టేది. ఒడిలో చాట పెట్టుకుని కూర్చుందంటే చేతులు వాటంతటవే నడిచేవి, నోరు నన్ను తిట్టడానికి ఖాళీగా ఉండేది. ఆకు చుట్టాక కొస మడిచి నొక్కేది ఎడమచేతి చూపుడువేలితో. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ వేలి పుణ్యానే. నా చదువుతో ఏనాడూ ఒక అగ్గిపుల్ల కూడా వెలగలేదు.

ఆ ఏడు అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. ముందు గోడల మీదికి అన్నల ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఎన్నికలను బహిష్కరించాలి, సిరా పడిన వేలు చేతికి ఉండదు అని. మర్నాడు పోలీసులు మా బడిలో క్యాంపు పెట్టి డప్పు చాటించారు. అందరూ ఓటెయ్యాలి, ఆ తర్వాత వేళ్ళు చూస్తాం, సిరా లేనివాడు నక్సలైటే అని. ఇద్దరు అభ్యర్థుల మనుషులు కూడా వచ్చి చేతులు జోడించి పోయారు. మమ్మల్ని భయపెట్టనిది వాళ్ళే కాబట్టి వాళ్ళను ఎవరూ పట్టించుకోలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నారు పెద్దలు. ఆ పెద్దలు అదృష్టవంతులు. వాళ్ళ నుయ్యీ గొయ్యీ ఉన్నచోటే పడి ఉండేవి. మావి తుపాకులు పట్టుకుని ఇంటికే వచ్చేవి.

పొద్దూకే వేళ మా ఇంటి ముందు నలుగురూ చేరారు. మొదట నోరు విప్పింది కూలీకి పోయే పోశయ్య మామ.

“సిరా ఉంటే వాళ్ళు కోస్తరట, లేకుంటే వీళ్ళు తంతరట. నడుమల గీ వేలు ఏం పాపం చేసింది అల్లుడా?”

“నాకైతే తన్నులే నయం,” అంది అక్క, చాటలోంచి తలెత్తకుండా. “దెబ్బ మానుతది. వేలు మొలుస్తదా?”

చర్చ అక్కడితో అయిపోవలసింది. ఓటుకు పోకుండా తన్నులు తినడమని ఊరంతా దాదాపు నిశ్చయించుకుంది. తాతల నాటి నుంచి తన్నులు తిన్న అనుభవం ఉన్న ఊరు, లెక్క తప్పదు. కాని నేనున్నాను కదా.

“రెండ్రోజులు ఆగుండ్రి,” అన్నాను. “పుస్తకంల చూసొస్త.”

కోరుట్ల గ్రంథాలయంలో ఎన్నికల నిబంధనల పుస్తకం ఒకటుండేది. అంతకుముందు దాన్ని ఎవరూ తెరిచినట్టు లేదు, కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. సాయంత్రం మూసేవేళకు నాకు నిధి దొరికింది. ఓటుచీటీ తీసుకున్నాక దాన్ని వాడుకోవడం ఇష్టం లేకపోతే, ఓటరు దాన్ని పోలింగ్ అధికారికి తిరిగి ఇచ్చేయవచ్చు!

“దొరికింది సార్!” అని అరిచాను.

గ్రంథాలయం చూసే సత్తయ్య సార్ తాళంచెవులు పట్టుకుని దగ్గరికొచ్చాడు. నేను వేలు పెట్టి చూపిస్తే కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు.

“గది సరే. జర కింద ఇంకో లైనున్నది, గదీ సదువు.”

“సాలు సార్, నాకు సమజైంది.”

సగం చదివితేనే మొత్తం సమజయ్యే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ రోజు అది ముదిరింది.

ఇంటికొచ్చి అందరినీ కూర్చోబెట్టాను. నాకు ఒక బల్లా, గ్లాసుడు నీళ్ళూ ఉంటే అచ్చం పెద్ద మీటింగే.

“సూడుండ్రి. మనం పోలింగుకు పోతం. వేలికి సిరా పెట్టించుకుంటం. చీటీ తీస్కుంటం. డబ్బల ఎయ్యం. సార్ చేతుల వాపస్ పెట్టి ఇంటికొస్తం. పోలీసోళ్ళు అడిగితే సిరా సూపెడతం, ఖుషీ. అన్నలు అడిగితే ఓటెయ్యలేదని చెప్తం, వాళ్ళూ ఖుషీ. ఇది సర్కారు పెట్టిన రూలే!”

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పోశయ్య మామ తొడ చరిచాడు. “ఓరి నీ అవ్వ! సదువంటే గిట్లుండాలె.”

అక్క మాత్రం చేతులు ఆపింది. ఆమె చేతులు ఆగడం నేను అరుదుగా చూశాను.

“తమ్మీ, సిరా పోలీసోళ్ళ కంటపడుతది. ఓటెయ్యలేదన్న ముచ్చట అన్నల చెవినపడుతది. గంతేనా?”

“గంతే.”

“మరి సిరా అన్నల కంటపడితే? ఓటెయ్యలేదన్న ముచ్చట పోలీసోళ్ళ చెవినపడితే?”

చదువరీ, ఒక్క నిమిషం ఆగి ఈ ప్రశ్నను మళ్ళీ చదవండి. సంతకం రాని మా అక్క అరనిమిషంలో అడిగిన ప్రశ్న ఇది. దానికి నేను, కోరుట్లలో రెండు అల్మారాలు నమిలి మింగినవాణ్ణి, ఏం జవాబిచ్చానో తెలుసా?

“అక్కా, నువ్వు సదువుకోలేదు. నీకు సమజ్ గాదు.”

ఆమె మళ్ళీ ఆకు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. తమ్ముడు చదివినవాడు కదా అని నమ్మింది. ఆ నమ్మకమే నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

పోలింగ్ రోజు పదిహేడు మందిమి వరుసగా నిలబడ్డాం. నేను ముందు, నా వెనక అక్క, ఆ వెనక పోశయ్య మామ, మిగతావాళ్ళు. పోలింగ్ అధికారి ఎల్లంతకుంట దిక్కు నుంచి వచ్చిన ఒక బడిపంతులు. పాపం, బాంబుల భయంతోనే వచ్చినవాడు. మా వరుస చూసి ముఖం వికసించింది. అంతవరకు డబ్బాలో చీట్లు పడ్డ చప్పుడే పెద్దగా లేదు.

సిరా పెట్టించుకున్నాను. చీటీ తీసుకున్నాను. దాన్ని ప్రసాదంలా రెండు చేతులతో ఆయనకు తిరిగి ఇచ్చాను.

“ఇదేంది బాబూ? డబ్బ అటున్నది.”

“నాకు ఓటు వాడుకునుడు ఇష్టం లేదు సార్. వాపస్ తీస్కోండ్రి. రూలున్నది.”

“ఇన్నేండ్ల సర్వీసుల గిసొంటిది సూడలేదు!” అని ఆయన తన పుస్తకం తీసి తిరగేశాడు. దొరికింది. గర్వంగా తలెత్తి ఆయనవైపు చూశాను, ఆయన మాత్రం నావైపు చూడలేదు. ఆయన ఆగకుండా ఆ కింది లైను కూడా పైకి చదివాడు. అట్లా తిరిగొచ్చిన ప్రతి చీటీ మీదా రద్దయిందని రాయాలి, విడిగా కవరులో దాచాలి.

“విడిగనా?” అన్నాను.

“విడిగనే. ఎవలెవలు ఇచ్చిండ్రో నేను రాసుకోవాలె గదా, రేపు నా నౌకరి మీదికొస్తది. నీ పేరు?”

పదిహేడు పేర్లు, తండ్రి పేర్లతో సహా, ఒక తెల్లకాగితం మీదికి ఎక్కాయి. బెంచీ మీద కూర్చున్న అభ్యర్థుల ఏజెంట్లిద్దరూ లేచి నిలబడ్డారు. “గీ ఓట్లు మావే! మీరు బెదిరిస్తె వాపస్ ఇస్తున్నరు!” అని ఒకడు. “మావిరా, మీ భయానికే ఎయ్యలేదు!” అని ఇంకొకడు. మేము ఎవరికీ వెయ్యని ఓట్ల కోసం ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. ఆ గొడవకు ఎస్సై లోపలికొచ్చాడు. తెల్లకాగితం తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి మగవాళ్ళమంతా క్యాంపు ముందు నేల మీద కూర్చుని ఉన్నాం.

“సార్, సిరా ఉన్నది సూడుండ్రి,” అని నేను వేలు చూపించాను.

“సూసిన,” అన్నాడు ఎస్సై శాంతంగా. “ఓటేసినోడు ఏసిండు. భయపడ్డోడు ఇంట్ల పన్నడు. వాళ్ళు నాకు సమజైతరు. ఒచ్చి, లైన్ల నిలవడి, చీటీ తీస్కొని, ఒద్దని వాపస్ ఇచ్చినోడు ఎవడురా? వానికి సిద్ధాంతమున్నది!”

సిద్ధాంతం ఉన్నవాళ్ళకు ఏం జరుగుతుందో ఆ రోజు మా అరికాళ్ళకు తెలిసింది. పోశయ్య మామకు అరవై ఏళ్ళ వయసులో సిద్ధాంతం అంటుకుంది. కుంటుకుంటూ ఇంటికి పోతూ, “అల్లుడా, నా సిద్ధాంతం ఏందో జర చెప్పు, ఎవలన్న అడిగితె చెప్పాలె,” అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా అన్నల దగ్గర్నుంచి కబురొచ్చింది. అక్కా నేనూ పసుపు చేన్ల మధ్యకు పోయాం. దళం నాయకుడు గట్టు మీద కూర్చుని ఉన్నాడు, నా ఈడువాడే.

“బహిష్కరణ అంటే పోకుండ ఉండుడు,” అన్నాడు. “పోయి, సిరా పెట్టించుకొని, సర్కారు రూలు సదివి ఒద్దనుడు గాదు. నీకు గీ తెలివి ఎవడు చెప్పిండు?”

“లైబ్రరీల...”

“చెయ్యి చాపు.”

అప్పుడు అక్క నా ముందుకొచ్చి తన ఎడమచెయ్యి చాపింది.

“అన్నా, వీడు సిన్నప్పటి సంది గింతే. తలకాయ లేనోని వేలు కోస్తె మీకేమొస్తది? కొయ్యాలనుకుంటే నాది కోయి. నువ్వు తాగే బీడీ గీ వేలుతోని సుట్టిందే.”

అతను నోట్లోని బీడీ తీసి చూశాడు. “పోండ్రి,” అన్నాడు. “ఇంకోపారి గిట్ల జేస్తె మాటలుండవు.”

వేళ్ళన్నీ చేతులకే ఉన్నాయి! చేన్లోంచి ఇంటిదాకా గాలిలో తేలినట్టు నడిచాను. నా రూలు, ఎంతైనా, పనిచేసినట్టే కదా అని అక్కతో అన్నాను కూడా. ఆమె నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

ఆ సాయంత్రమే మళ్ళీ క్యాంపుకు పిలుపు. ఈసారి ఆడవాళ్ళు కూడా.

“చేతులు చాపుండ్రి,” అన్నాడు ఎస్సై. వరుస వెంట నడుస్తూ వేళ్ళు చూశాడు. “సిరా పడ్డ వేలు కోస్తమన్నరు. అందరి వేళ్ళు సలామత్ ఉన్నయ్. పొద్దుగాల చేన్లకు ఇద్దరు పోయిండ్రని నాకు ఎర్కే. ఎందుకు కొయ్యలేదురా మీయి? మీరు వాళ్ళోళ్ళు గనకనే!”

అంటే వేలు తెగితే తెగిందని బాధ, తెగకపోతే అదే నేరం. నా నోరు ఊరుకోలేదు.

“సార్, రూలు ప్రకారం...”

లాఠీ లేచింది. నా చేతి మీదికే వచ్చింది. నేను చెయ్యి వెనక్కి గుంజుకున్నాను. నా పక్కన చాపి ఉన్నది మా అక్క చెయ్యి.

ఎండుకట్టె విరిగిన చప్పుడే అది. మిగతావాళ్ళంతా తలలు వంచుకుని ఉన్నారు. అక్క కేక కూడా వెయ్యలేదు. నావైపు ఒకసారి చూసి, వేలిని కొంగులో చుట్టుకుంది.

జగిత్యాలలో కట్టు కట్టారు. వేలు అతికింది గాని వంకరగా అతికింది. తర్వాత ఆమె చుట్టిన బీడీల కొసలు విప్పుకునేవి, కార్ఖానాలో సగం ఏరి పారేసేవాళ్ళు. అన్నలు కొయ్యని వేలు, సిరా పెట్టించుకున్న వేలు, పోలీసులకు కావలసిన వేలు. ముగ్గురి చేతుల్లోనూ బతికి, తమ్ముడి చేతిలో పోయింది.

అయిపోయిందనుకున్నారా? ఆ ఏజెంట్లిద్దరూ పదిహేడు చీట్లు మావంటే మావని పైకి ఫిర్యాదులు పంపారు. ఎన్నిక సరిగా జరగలేదని మా ఒక్క ఊళ్ళో రీపోలింగ్ పెట్టారు. మళ్ళీ డప్పు, మళ్ళీ గోడ మీద ఎర్ర అక్షరాలు. పైగా చూపుడువేలికి పాత సిరా ఇంకా పోలేదు కాబట్టి, ఈసారి మధ్యవేలికి పెడతామన్నారు. ఒక వేలిని కాపాడతానని బయలుదేరినవాణ్ణి, ఊరందరి రెండో వేలినీ బజారుకెక్కించాను.

కట్టు కట్టిన చెయ్యి ఒడిలో పెట్టుకుని అక్క నన్ను పిలిచింది.

“తమ్మీ, నీ పుస్తకంల ఇంకెన్ని వేళ్ళున్నయో సూసి చెప్పు. నాకు ఇంక నాలుగే ఉన్నయ్.”

అందుచేత, ఈ కాగితం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేను ఇక ఎవరికీ పుస్తకంలోంచి దారి చూపించను. చూపించవలసి వస్తే ముందుగా ఆ దారి చదువు రానివాళ్ళకు చెప్పి, వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు దొరికేదాకా అడుగు బయట పెట్టను. ఎన్నికల్లో ఎవరు గెలిచారని అడగకండి, ఆ సంగతి నాకు గుర్తులేదు.

ఈ రాతకు సాయపడినవారికి నా దండాలు. గ్రంథాలయం సత్తయ్య సార్‌కు. తన సిద్ధాంతం ఏమిటో చివరిదాకా తెలియకుండానే పోయిన పోశయ్య మామకు. జగిత్యాలలో వేలికి కట్టు కట్టి, ఎట్లా విరిగిందని ఒక్కమాట అడగని కాంపౌండర్ రహీం సాబ్‌కు. ఆ తర్వాత పోలీసుల కంటా అన్నల కంటా పడకుండా నన్ను సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య ఎనిమిది నెలలు దాచిన మా మేనత్త కొడుకు దేవయ్యకు.

అందరికంటే ముందు చెప్పవలసి ఉండి, ధైర్యం చాలక చివరికి ఉంచిన పేరు మా అక్క రాజవ్వ. వేలు ఎట్లా పోయిందని ఊరు అడిగినా, దుబాయి నుంచి వచ్చి బావ అడిగినా, ఎస్సై కొట్టిండు అనే చెప్పింది. నేను చెయ్యి గుంజుకున్నానని ఆమె ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పడం ఇదే మొదటిసారి.