బోరునీళ్ల వాల్వు

నీళ్లు పోస్తే మురుగులోని క్రోమియం విషం మాయమవుతుందని నమ్మిన కెమిస్టుని పటాన్‌చెరు మొత్తంలో నేనొక్కణ్ణే అయివుంటాను. నమ్మించింది మా తోళ్ల ఫ్యాక్టరీ మేనేజరుగారు. దేనికైనా గాలిలో చెయ్యి తిప్పుతూ "కాస్త పలచన చెయ్యండి మాస్టారూ" అనేవారు. టీకీ అదే మాట, తగాదాకీ అదే మాట. తనిఖీ ఉందంటే చాలు, మురుగు బయటికి పోయే గొట్టంలోకి స్వయంగా బోరునీళ్లు వదిలేవారు. నమూనా పాసయ్యేది. రిపోర్టు మీద నేను సంతకం పెట్టేవాణ్ణి.

ఒకరోజు మా మురుగు కలిసే కాలవ పక్కన పొలమున్న కర్దనూరు పెద్దమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది.

"సారూ, నీళ్లు గిట్ల పచ్చగున్నయేంది? బర్రెలు మూతి పెడ్తలేవు."

"రిపోర్టు బాగానే ఉంది పెద్దమ్మా."

"గట్లనా? జెర గా రిపోర్టు నా బర్రెలకు సూపియ్యి."

ఆమె ముందు పలచనైంది నేనే. ఇక కూర్చుంటే కుదురు లేదు, తింటే రుచి లేదు. ఎన్ని నీళ్లు కలిపినా క్రోమియం రవ్వంత కూడా తగ్గదు. అంతా ఆమె మడిలోకే పోతుంది. ఆ మాటే మేనేజరుగారితో అంటే, నా కోపాన్ని కూడా కాస్త పలచన చేసుకోమన్నారు.

మళ్లీ తనిఖీ జీపు వచ్చింది. ఆయన బోరునీళ్ల వాల్వు దగ్గరికి పరుగెత్తారు. తిప్పే చక్రం లేదు. ఒట్టి ఇనప కాడను వేళ్లతో మెలితిప్పుతూ "చక్రమేదండీ మాస్టారూ?" అన్నారు.

"నేనూ వెతుకుతున్నానండీ" అన్నాను.

అవతల అధికారి సీసాలో పచ్చటి నీళ్లు చిక్కగా నింపుకుంటున్నాడు. చక్రం నా టిఫిన్ డబ్బాలో, పెరుగన్నం ఉండవలసిన చోట, చల్లగా కూర్చుని ఉంది.