ఎండలో చూసిన గాజుపలకలు

నాకు కోపం తొందరగా వస్తుంది. హిందూపురం కాలేజీలో మా గైడు సార్ "కుదరని రీడింగులు కొట్టేయమ్మా, కుదిరినవే రాసుకో" అన్న రోజు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళ పని. సగం కొట్టేస్తే డాక్టరేటు వస్తుందట!

నా పని మూత్రంలో డోపమైన్ కొలవడం. మెదడులో ఈ పదార్థం తగ్గితే చేతులు వణికే జబ్బు వస్తుంది. చిన్న గాజుపలకకు రంగు పట్టించి, మూత్రంలో ముంచి, నీలం లైటు వేస్తే కొద్దిపాటి కరెంటు పుడుతుంది. డోపమైన్ ఎక్కువుంటే కరెంటూ ఎక్కువ. నా పలకలేమో ఒకే సీసాలోని మూత్రానికి ఒకటి ఎక్కువ చూపిస్తే, ఇంకొకటి సగమే చూపించేది.

"ఎందుకు కుదరలేదో తెలియకుండా కొట్టేయను సార్," అన్నాను.

"అయితే నీ థీసిస్ మీద నేను సంతకం పెట్టను," అన్నాడాయన.

పలకల డబ్బా, నోటుబుక్కు సంచిలో వేసుకుని మా ఊరు ధర్మవరం పోయే రైలెక్కాను. పెనుకొండ దాటేదాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. కోపంతో వచ్చిన ఏడుపది.

మా నాయన పట్టునూలుకు రంగులు వేస్తాడు. ట్యూబులైటు కింద ఏ రంగునూ నమ్మడు. నూలు కట్టను గడప బయటికి తెచ్చి, ఎండలో ఒకసారి తిప్పి చూసి, వెంటనే లోపలికి తీసుకుపోతాడు. నాకు నడక వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ రోజు నేనూ ఒక పలకను గడప బయట ఎండకు ఎత్తిపట్టి, సార్‌ను తిడుతూ నాయనకు చూపించాను.

"ఎంతసేపు పట్టుకుంటావమ్మా? లోపల పెట్టు. అంత ఎండ తగిల్తే రంగు నిలుస్తాదా?" అని గదిమాడు.

చటుక్కున పలకను లోపలికి తెచ్చాను. కాలేజీలో కూడా మూత్రంలో ముంచేముందు, రంగు సరిగా పట్టిందో లేదోనని అనుమానం వచ్చిన ప్రతి పలకనూ ఇట్లాగే గుమ్మం బయటికి తీసుకుపోయి తీరిగ్గా చూసేదాన్ని. నోటుబుక్కు తెరిచాను. తక్కువ చూపిన ప్రతి పలక పక్కనా నా చేతిరాతే: "ఎండలో చూశాను, రంగు బాగుంది." ఛీ, నా బుద్ధి!

తిరిగిపోయి కొత్త పలకలు చేశాను. నల్లగుడ్డలో చుట్టి ఉంచినవన్నీ ఒకే లెక్క చూపించాయి. ఎండ తగిలినవి తక్కువ చూపించాయి. సార్ సంబరపడ్డాడు.

"ఇంకేమ్మా, పాతవన్నీ తీసేయ్. రంగులోళ్ళ పాప ఎండలో పెట్టి చెడగొట్టిందంటే నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీండి సార్. రేపు ఇంకొకరు ఇదే తప్పు చేసి, బాగున్న మనిషికి జబ్బుందని చెప్తే ఎవరు నవ్వుతారు?"

పాత రీడింగులన్నీ ఉంచి, నా తప్పు మీద ఒక పేజీ రాశాను. ఇంటికి పోయి నాయనకు దాన్ని తెలుగులో చెప్పాను. చేతులకంటిన ఎర్రరంగు తుడుచుకుంటూ విన్నాడు.

"తప్పు నీదని రాసుకున్నావు. ఎండలో చూడాలని నేర్పిండేది నేనని యాడుండాది?" అన్నాడు.

ఆ మాటా కలిపి రాశాను. మర్నాడు థీసిస్ కాగితాల్లో ఆ పేజీని అన్నిటికన్నా పైన పెట్టి, పెన్ను మూత తీసి సార్ చేతికిచ్చాను.