పాస్టరమ్మ వాసన చూసిన రసం

డెబ్బైల్లో పటాన్‌చెరు అంగట్లో, చర్చిలో ప్రభు బల్ల నాడు పంచే రసం కోసం మెత్తబడిన నల్లద్రాక్షను సగం ధరకే బేరమాడి, చర్చి డబ్బుల్లో మిగిలిన రెండు రూపాయలు జేబులో వేసుకున్న దుకాణదారు కొడుకును నేనే.

మా పాస్టరమ్మ రసం పంచే ముందు సీసా మూత తీసి మూడుసార్లు వాసన చూసేది. ఆ ఆదివారం రెండోసారికే ఆగిపోయింది.

"పులిసింది కొడుకా. ముందు బెంచీల ఎవరున్నరో చూడు."

సారా మానేసి మూడు నెలలైన ఫ్యాక్టరీ కార్మికుడు భార్య పక్కన కూర్చున్నాడు.

"ఒక్క గుక్కనే గదమ్మా?"

"నిన్ను బతికించనీకి ప్రభువు కార్చిన రక్తమని చెప్పి ఇస్తం. దాంతోనే ఆయనను మళ్ల సారా దుకాణంకు తోలాల్నా? ఉరుకు, కిస్మిస్ తే, జల్దీ!"

పాటలు అయ్యేలోపు ఆమె కిస్మిస్ ఉడికించి వడగట్టింది. అతను ఆ రసం తాగి, భార్యతో సీదా ఇంటికే పోయాడు.

నొక్కేసింది రెండు రూపాయలు, కిస్మిస్‌కు పెట్టింది ఐదు. మూడు రూపాయల నష్టం నాదే; గండం తప్పించిన ఘనత మాత్రం ఆమెది.